నోట రాకూడని పేరు

అక్టోబర్ 12

తిబారీ. తిబారీ. హాజ్ తిబారీ.

పెన్ను బాగానే రాస్తోంది. ఈ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు కాబట్టి మర్యాదలు అక్కర్లేదు. హాజ్ తిబారీ అనే కుక్క తన బంగళా కింద నేలమాళిగలో దొంగచాటుగా బట్టల ఫ్యాక్టరీ నడిపాడు. పనివాళ్ళు మధ్యలో బయటికి పోకుండా తలుపుకి బయటనుంచి తాళం వేయించాడు. కిందటి వారం వైరు కాలి మంటలు లేచాయి. తాళంచెవి ఉన్న మేస్త్రీ కాఫీకి పోయాడు. తొమ్మిదిమంది ఆడవాళ్ళు. అందులో ఒకతె నా చెల్లి.

టీవీలో "ఒక ఇంట్లో అగ్నిప్రమాదం" అన్నారు. ఇల్లట.

తిబారీ పరామర్శకి మనిషి చేత పంచదార దిమ్మలు పంపాడు, నీలం కాగితం చుట్టి, పద్ధతిగా. వాటిని తీసుకెళ్ళి వీధి మధ్యలో పగలగొట్టాను. పిల్లలు ఏరుకున్నారు.

కాసాబ్లాంకాలో ఎర్ర టాక్సీ తోలేవాడెవడైనా నన్ను గుర్తుపడతాడు. కార్ల మీద, కళ్ళజోళ్ళ మీద, సముద్రం ఒడ్డున అమ్మాయిల మీద ర్యాప్ పాడుకుంటూ పాతికేళ్ళు బతికాను. ఇప్పుడు ఒక్క మనిషి మీద పాడతాను. పల్లవి వాడి పేరే.

అక్టోబర్ 15

జిలాలీ దగ్గరికి వెళ్ళాను. మొదటి క్యాసెట్ నుంచీ నా పాటలకి బీట్లు వేసేది వాడే. విషయం చెప్పగానే నవ్వాడు.

"నువ్వా? రాజకీయమా? కళ్ళజోడు మీద మూడు పాటలు కట్టినోడివి!"

"రాజకీయం కాదురా. తిబారీ."

"పేరు పెట్టి పాడితే లోపలేస్తారు ఖూయా."

"వెయ్యనీ."

"నన్ను కూడా వేస్తారు కదరా, బీట్ నాదైతే!"

"అందుకే మంచి బీట్ వెయ్. చెత్త బీట్‌కి జైలుకెళ్తే పరువు పోద్ది."

అప్పుడు మాత్రం నవ్వలేదు. లేచి తలుపు వేసి, దర్బూకా డప్పు శబ్దాలన్నీ తీసి పక్కన పడేశాడు. కుట్టు మిషన్ చప్పుడు కావాలన్నాను. ఎక్కడ దొరుకుతుందన్నాడు. మా ఇంట్లో ఉందన్నాను. తర్వాత ఇద్దరం వేరే సంగతులు మాట్లాడుకున్నాం.

అక్టోబర్ 16

ఇవాళ పేరు తప్ప ఏమీ రాయలేదు.

అక్టోబర్ 22

చెల్లి మిషన్ తేవడానికి దాని గదిలోకి వెళ్ళాలి. వెళ్ళలేదు. జిలాలీ ఎక్కడో ఒక దర్జీ దగ్గర రికార్డు చేసుకొచ్చాడు.

చెల్లి కూతురు ఒమైమా మా అమ్మ పక్కలో పడుకుంటోంది. ఆరేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ ఎప్పుడొస్తుందని అడగడం మానేసింది. నన్ను చూస్తే తల దించుకుంటుంది, ఇంట్లో నేనేదో తప్పు చేసినవాణ్ణయినట్టు.

"పిల్లతో కాసేపు కూర్చోరా" అంది అమ్మ.

"పాట పనుందమ్మా."

"ఎప్పుడు లేదు నీకు పాట పని!"

ఇది ఆ పాటలాంటిది కాదని చెప్పాను. అమ్మకి నా పాటలన్నీ ఒకటే. చప్పుడు.

నవంబర్ 2

అయిపోయింది. నా జన్మలో ఇంత పదునుగా రాయలేదు. ప్రతి నాలుగు లైన్లకీ తిబారీ, తిబారీ. పసిపిల్లలు కూడా పట్టుకుంటారు. వాడు మసీదుకి నడిచిపోతుంటే వెనకనుంచి పాడతారు. వాడి కొడుకు బళ్ళో కూర్చుంటే బల్లల మీద దరువేసి పాడతారు. వాడు చచ్చాక కూడా పాడతారు. అది తలుచుకుంటే నిద్ర బాగా పడుతోంది.

నలభయ్యో రోజు భోజనాలు పెట్టేదాకా ఆగమంది అమ్మ. "ఆ తర్వాత నీ ఇష్టం, ఊరు తగలబెట్టుకో." సరే అన్నాను. ఈలోగా జిలాలీ వెధవ కాఫీ హోటల్లో నలుగురికి వినిపించాడు. ఎవరికీ చెప్పరట.

నవంబర్ 13

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే వీధిలో గుడారం వేశారు. కుర్చీలొచ్చాయి. ఖురాన్ చదివేవాళ్ళు వచ్చి టీ తాగుతున్నారు. పక్కింటి ఆడవాళ్ళు లోపల కూరగాయలు తరుగుతున్నారు. సెత్తాత్ నుంచి మా మేనమామ పొట్టేలుని పంపుతానన్నాడు, ఇంకా రాలేదు. నేను గడప దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నాను.

ఒక పికప్ వచ్చి ఆగింది. వెనక పొట్టేలు, దాని పక్కన కత్తులతో ఒక మనిషి. ముందు సీట్లో తెల్ల జెల్లాబా అంగీలో ఎవరో ముసలావిడ, ముఖం కిందకి దించుకుని ఉంది. మామ తరఫు బంధువు అనుకున్నాను. ఇంకేమనుకుంటాను? నలభయ్యో రోజు ఇంటి ముందుకి పొట్టేలు వస్తే ఎవరైనా అదే అనుకుంటారు.

ఆ మనిషి పొట్టేలుని సరిగ్గా గడప దగ్గరికి లాక్కొచ్చాడు.

"ఇక్కడే కానిమ్మంటారా సీదీ?"

"ఇక్కడే కానీ. బిస్మిల్లా. వంటవాళ్ళు ఎదురుచూస్తున్నారు" అన్నాను.

నేనే అన్నాను. నా నోటితో.

నెత్తురు గడప మీదుగా పారి నా చెప్పులకి తగిలింది. అప్పుడు ఆ ముసలావిడ దిగింది. వచ్చి మా ద్వారబంధం పట్టుకుంది.

"నేను హాజ్జా యామ్నాని. తిబారీ తల్లిని. దేవుడి ముందు, ఈ నెత్తురు ముందు నీ మీద ఆర్ వేస్తున్నా నాయనా, కాదంటే కీడు నీ ఇంటికే. నా కొడుకు పేరు నీ నోట రాకూడదు."

చదివేవాళ్ళు టీ తాగడం ఆపేశారు. లోపల కత్తిపీటల చప్పుడు ఆగింది. పోయి పికప్ అద్దం పగలగొట్టాను. ఆవిడ కదల్లేదు. అడగాల్సింది అడిగేసింది, ఇక ఆవిడకి నాతో పనిలేదు. నెమ్మదిగా ఎక్కి కూర్చుంది.

మధ్యాహ్నానికి మామ పొట్టేలు వచ్చింది.

ఆ మొదటిదాన్ని అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, మొత్తం ముష్టివాళ్ళకి ఇప్పించేసింది. సాయంత్రం జనం వెళ్ళాక నా మీద విరుచుకుపడింది.

"గడప మీద నెత్తురు పడ్డాక అడిగింది కాదనకూడదని తెలీదా నీకు? ఎవరని అడగవా ముందు?"

"మోసం చేసిందమ్మా! అది చెల్లదు!"

"నువ్వే కదరా బిస్మిల్లా అన్నావ్. వీధంతా విన్నారు."

"నాకు ఇలాంటి నమ్మకాల్లేవు."

"నువ్వు నమ్మక్కర్లేదు నాయనా. అది నీ మీద పడితే పడనీ, నీ ఖర్మ. ఆ పిల్ల మీద పడితే? దానికి మిగిలిందేంటని?"

ఒమైమా తలుపు వెనక నిలబడి వింటోంది.

నవంబర్ 14

గడప కడిగాను.

నవంబర్ 15

మళ్ళీ కడిగాను. ఇలాంటివి నేను నమ్మను. రాతి సందుల్లో ఎర్రగా ఉండిపోయింది, చూడ్డానికి బాగాలేదు, అంతే.

నవంబర్ 19

జిలాలీ కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. వాడికి నాకంటే ఎక్కువ మండుతోంది.

"ఏ కాలంలో ఉన్నావ్ ఖూయా? ఒక ముసల్ది గొర్రెని కోసిందని పాట చెత్తబుట్టలో వేస్తావా?"

"వెయ్యలేదు. ఆపాను."

"అయితే వదులు ఇవాళే."

"ఒమైమాకి రాత్రి జ్వరం వచ్చింది."

"పిల్లలన్నాక జ్వరాలు రావా?"

వస్తాయి. తెల్లారేసరికి తగ్గింది కూడా. అయినా వదల్లేదు.

ఆవిడ వచ్చిన మర్నాటి నుంచీ ఈ పుస్తకంలో కూడా వాడి పేరు రాయలేదని ఇప్పుడే గమనించాను. కారణమేం లేదు. రాయబుద్ధి కాలేదు.

నవంబర్ 20

అద్దం ముందు నిలబడి పెదాలు కదిపి చూశాను. శబ్దం లేకుండా. ఆ మాత్రానికే తిరిగి ఒమైమా పడుకున్న వైపు చూశాను. వాడి తల్లిని పట్టుకుని గొంతు నులమాలనిపించింది. ముసలావిడ గురించి ఇలా రాయకూడదు. రాస్తాను. ఈ ఊళ్ళో ప్రతి వెధవా వాడి పేరెత్తి తిట్టగలడు, పళ్ళమ్ముకునేవాడు తిట్టగలడు, పోలీసు తిట్టగలడు, నేను ఒక్కణ్ణే తిట్టకూడదు.

నవంబర్ 26

చెల్లి మరణ ధ్రువపత్రం కోసం కాయిద్ ఆఫీసుకి వెళ్ళాను. ఆయన ఆ ప్రాంతానికి అధికారి. వీధిలో కొత్త గోడ లేస్తే సాయంత్రంలోగా ఆయనకి తెలుస్తుంది. ఎవరింట్లో మేక ఈనినా తెలుస్తుంది. ఆ బంగళాలోకి రోజూ పొద్దున్నే ఆడవాళ్ళు బారుగా దిగడం మాత్రం తెలీదట.

చాలాసేపు కూర్చోబెట్టారు. తలుపు సందులోంచి ఆయన కనిపిస్తున్నాడు. ఎవరితోనో టీ తాగుతూ నవ్వుతున్నాడు. ఆ ఎవరో లేబర్ ఆఫీసు తనిఖీ అధికారి అని బంట్రోతు చెప్పాడు. పత్రంలో "మరణించిన చోటు: నివాస గృహం" అని రాసిచ్చారు. మార్చమంటే, "కాగితాల ప్రకారం అక్కడ ఫ్యాక్టరీ లేదు సీదీ" అన్నాడు గుమాస్తా, చాలా మర్యాదగా.

బయటికొచ్చి ఎండలో నిలబడ్డాను. నాకు సంతోషం ముంచుకొచ్చింది. వారాల తర్వాత మొదటిసారి. నేరుగా జిలాలీ దగ్గరికి నడిచాను.

"ఆ పొట్టేలు ఒక్కడికే సరిపోయిందిరా" అన్నాను.

"అంటే?"

"మిగతావాళ్ళెవరూ నా గడప మీద ఏమీ కొయ్యలేదు కదా."

వాడికి అర్థమయ్యేసరికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచి నా నుదురు మీద ముద్దు పెట్టాడు. అప్పటికప్పుడు రాశాను:

కిందికి దిగితే కిటికీ లేదు,
కాగితమ్మీద ఫ్యాక్టరీ లేదు,
లేని ఫ్యాక్టరీలో కాలినవాళ్ళకి
లెక్కల్లోనా చోటే లేదు.
వైరు లాగిందెవడు? కళ్ళు మూసిందెవడు?
కింద మిషన్లు ఆడుతూ ఉంటే
పైన కూర్చుని టీ తాగిందెవడు?

వాడి పేరు లేదు. వాడి నీడ కూడా లేదు. హాజ్జా యామ్నా వచ్చి వెతుక్కోవచ్చు.

డిసెంబర్ 6

శుక్రవారం వదిలాం. ఆదివారానికి స్టేడియంలో పాడారు. "టీ తాగిందెవడు" అని ఒకవైపు వాళ్ళంటే "టీ తాగిందెవడు" అని అవతలివైపు వాళ్ళందుకున్నారట. దర్జీ పని చేసే ఆడవాళ్ళు లేబర్ ఆఫీసు ముందు ఖాళీ టీ గ్లాసులు వరసగా పెట్టి కూర్చున్నారు. ఇది నేను చెప్పలేదు, వాళ్ళకే తోచింది.

పత్రికలో "ప్రజల గొంతు" అని రాశారు. చాలాసార్లు చదువుకున్నాను. కొత్త ఏడాది ఉత్సవంలో నా కచేరీ రద్దు చేశారు. మంచిది.

డిసెంబర్ 9

స్టేషన్‌కి పిలిచారు. పోలీసాయన నా పాత అభిమానే. పెళ్ళిలో నా పాటకి ఎగిరాడట.

"హాయిగా పెళ్ళిళ్ళలో పాడుకునేవాడివి. ఈ వయసులో నీకెందుకయ్యా ఇవన్నీ?"

"పాటలో ఎవరి పేరూ లేదండీ."

"అదే కదా చిక్కు! ఊళ్ళో టీ తాగే ప్రతివాడూ తన గురించే అనుకుంటున్నాడు. నిన్న మా కమిషనర్ కాఫీ తెమ్మన్నాడు, ఎన్నడూ లేంది."

నవ్వాం ఇద్దరం. తర్వాత నవ్వకుండా, పై నుంచి గట్టిగా అడుగుతున్నారని చెప్పి, దేనిమీదో సంతకం పెట్టించుకుని పంపాడు.

ఎవరి కోసం పాడావని బయట విలేకరి అడిగితే, పేదల కోసమన్నాను. చక్కగా వచ్చింది మాట.

డిసెంబర్ 19

వాడిని పట్టుకెళ్ళారు.

వీధంతటికీ వేడి వేడి స్ఫెంజ్ గారెలు కొని పంచాను. నూనె కారుతున్న వేళ్ళతో ఒమైమా నన్ను చూసి మొదటిసారి నవ్వింది.

డిసెంబర్ 22

వాడిని ఒక్కణ్ణే.

లేబర్ ఆఫీసాయనకి రబాత్‌కి బదిలీ. పెద్ద కుర్చీ. కాయిద్ ఉన్నచోటే ఉన్నాడు. "దోషి దొరికాడు" అని టీవీలో వాడి ఫోటో వేస్తూ, వెనకాల నా పాట వేశారు! నా పాట! జనం చూపు తమ మీదకి మళ్ళేసరికి, ఒకణ్ణి బయటికి తోసి తలుపేసుకున్నారు.

నాకు కావాల్సింది వాడే కదా. దొరికాడు కదా. మరి ఈ మంట ఎందుకు తగ్గదు? వాడిని పడగొట్టాల్సింది నేను. నా చేతిలోంచి లాక్కుని వాళ్ళు పడగొట్టారు, తమ పీకలు కాపాడుకోడానికి.

డిసెంబర్ 28

మధ్యాహ్నం తలుపు చప్పుడైతే అమ్మ తీసింది. హాజ్జా యామ్నా. పికప్ లేదు, పొట్టేలు లేదు. టాక్సీలో నలుగురి మధ్య ఇరుక్కుని వచ్చినట్టుంది, జెల్లాబా నలిగిపోయింది. చిక్కిపోయింది. చూసి సంతోషించాను, దాచడమెందుకు.

అమ్మ ఆవిడని కూర్చోమనలేదు. వెళ్ళిపొమ్మనీ అనలేదు. ఆవిడే కూర్చుంది.

"ఈసారి ఏం కొయ్యడానికొచ్చావ్ హాజ్జా?" అన్నాను.

"అను నాయనా. నీకు అనే హక్కుంది."

"నీ కొడుకు పేరు నా నోట రాలేదు."

"రాలేదు. మాట నిలబెట్టావ్. అందుకే వచ్చా." జెల్లాబా సర్దుకుంది. "నా కొడుకు మంచోడని చెప్పడానికి రాలేదు. తాళం వేయించింది వాడే. కానీ వేయమన్నది కాయిద్. ఆడవాళ్ళు వీధిలోకొస్తే నాకు ఫిర్యాదులొస్తాయి, మూసి ఉంచు అన్నాడు. నా ముందే అన్నాడు. నా చేతి టీ తాగుతూ అన్నాడు."

"కోర్టులో చెప్పుకో."

"లాయరు వద్దంటున్నాడు. కాయిద్ మాటెత్తితే శిక్ష ఇంకా పెరుగుద్దంట. మొన్న ఆయన ఇంటికెళ్ళా. గుమ్మంలోకి రానివ్వలేదు. ఎన్ని పండగలు తిన్నాడు మా ఇంట్లో! నన్నెరగనని చెప్పించాడు."

ఆవిడ చెంపలు ఎర్రబడ్డాయి. అప్పుడు తెలిసింది, ఆవిడ దయ అడగడానికి రాలేదు. నాలో ఏ మంట ఉందో ఆవిడలోనూ అదే ఉంది.

"ఎవరెవరు వచ్చేవాళ్ళో, ఎవరేం తీసుకున్నారో అన్నీ చెప్తా. పేర్లతో పాడు. నేను సాక్ష్యం చెప్తా, ఏ కోర్టుకైనా వస్తా."

"నీ కొడుకు?"

"మొదటి పేరు వాడిదే పెట్టు. అది లేకపోతే మిగతావి ఎవడూ నమ్మడు."

ఆవిడ లేచి, గడప దగ్గరికెళ్ళి, వంగి రాయి మీద చెయ్యి పెట్టింది. "నా ఆర్ నేను తీసేసుకుంటున్నా. ఈ ఇంటి మీద, ఈ పిల్ల మీద ఏమీ లేదు. నువ్వు సాక్షివమ్మా" అంది మా అమ్మతో.

అమ్మ తలూపింది. తర్వాత, ఎందుకో నాకిప్పటికీ తెలీదు, లోపలికెళ్ళి టీ పెట్టింది.

ఆవిడ పేర్లు చెప్తూ పోయింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. అమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. అది నాకు నచ్చలేదు.

డిసెంబర్ 29

తిబారీ.

జనవరి 3

మూడు రోజులు స్టూడియోలోనే. జిలాలీ భార్య క్యారేజీ పంపుతోంది, తిట్లతో కలిపి. మొదటి మాట తిబారీ. తర్వాత కాయిద్, తర్వాత లేబర్ ఆఫీసాయన, తర్వాత కరెంటు వాళ్ళు, అందరూ, ఇంటిపేర్లతో సహా. నా గొంతు ఇంత బాగా ఎప్పుడూ పలకలేదు. ముప్పై ఏళ్ళ కుర్రాడిలా ఉన్నావ్ అన్నాడు జిలాలీ. దీనికి నన్ను లోపలేస్తారు. వెయ్యనీ. హాజ్జా యామ్నా రెండుసార్లు ఫోన్ చేసి, ఎప్పుడొస్తుందని అడిగింది. మేమిద్దరం ఇప్పుడు ఒక ఇంటివాళ్ళలా మాట్లాడుకుంటున్నాం.

శుక్రవారం వదులుతాం.

జనవరి 4

వదిలే ముందు అమ్మకి వినిపించాను. ఎన్నడూ నా పాట వినని మనిషి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, స్కార్ఫ్ సర్దుకుని, కళ్ళు మూసుకుని మొత్తం వింది. నేను ఎదురుగా కూర్చుని ఆవిడ మొహమే చూస్తున్నాను. ఒక్కో పేరు దగ్గరా తలూపింది. అయిపోయాక తీసి నా చేతిలో పెట్టింది.

"బాగుంది. ఒక్కణ్ణీ వదల్లేదు."

"వదలను."

"అందరూ ఉన్నారు." స్కార్ఫ్ మళ్ళీ సర్దుకుంది. "మరి రఖియా ఏదిరా?"

"పాటంతా దానికోసమే కదమ్మా."

"దానికోసమైతే ఉండాలిగా."

లేచి గదిలోకొచ్చి ఈ పుస్తకం మొదటినుంచీ తిరగేశాను. తిబారీ ఉన్నాడు, వాడి తల్లి ఉంది, కాయిద్ ఉన్నాడు, ఆ పోలీసాయన కూడా ఉన్నాడు. చెల్లి అని ఉంది. దాని గది అని ఉంది. ఆ పేరు ఒక్కచోట కూడా లేదు. దాన్ని పలకొద్దని నా మీద ఎవరూ ఏ ఆర్ వేయలేదు.

రఖియా.

కాలర్లు కుట్టేది. ఇంటికొచ్చేసరికి స్కార్ఫ్ నిండా దారప్పోగులుండేవి, ఒమైమా ఏరేది. నా పాటలకి నవ్వేది.

ఇంకేం రాయాలో తోచడం లేదు. గంట నుంచి కూర్చున్నాను. పాతికేళ్ళుగా మాటలు కట్టి బతికినవాణ్ణి, దాని గురించి నాలుగో వాక్యం రావడం లేదు. తిబారీ మీద ఇప్పుడే ఇంకో పాట రాయమంటే రాయగలను.

శుక్రవారం ఆ పాట వెళ్తుంది. ఒక్క పేరు కూడా తీయను. ఆ పేర్ల మధ్య దాని పేరు మాత్రం పెట్టలేను. అమ్మ వంటింట్లో ఒమైమాని అన్నానికి పిలుస్తోంది, నన్ను పిలవడం లేదు.